గెలిచిన టిప్పు, తప్పిన లెక్క: న్యూకాజిల్‌లో ఒక మైలు రేసు

గుర్రం గెలిచింది. ముందురోజు రాత్రి 12/1 (పౌండు కాస్తే పన్నెండు పౌండ్ల లాభం) ఉన్నప్పుడు గ్రూపులో చెప్పాను. స్టాల్స్ (గుర్రాలు బయల్దేరే గేట్లు) తెరుచుకునే వేళకి రేటు 8/1కి పడిపోయింది. అర లెంగ్త్ (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో గెలిచింది. ఆ రాత్రి నా ఫోన్ మోగుతూనే ఉంది. మర్నాడు సెక్షనల్ టైములు (రేసుని ముక్కలుగా కొలిచిన టైములు) ముందేసుకుని కూర్చున్నాక, నా షీట్‌లో ఆ రేసు ఎదురుగా "గెలుపు. కారణం తప్పు" అని రాసుకున్నాను. ఆ రెండు ముక్కలు ఎందుకు రాయాల్సి వచ్చిందో వివరంగా చెబుతాను.

నేను ఇంగ్లండ్ ఈశాన్యంలో ఒక వేర్‌హౌస్‌లో షిఫ్టులు చేస్తాను. చలికాలంలో వారానికి రెండు మూడు ఆల్ వెదర్ రేసులకి (పచ్చిక మీద కాకుండా ఇసుక మిశ్రమం మీద నడిచేవి) ప్రివ్యూ రాసి, నలభై మంది దాకా ఉన్న తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడతాను. డబ్బు తీసుకోను. అద్దె డబ్బుతో ఆడుతున్నాడని తెలిస్తే మాత్రం ఎవరైనా సరే గ్రూపులోంచి తీసేస్తాను. 2020 ఏప్రిల్ నుంచి ఇక్కడ క్రెడిట్ కార్డుతో పందెం కాయడం చట్టరీత్యా కుదరదు, అదొక మంచి పని జరిగింది. ఈ పిచ్చి నాకు మా బాబాయి నుంచి అంటింది. ఆయన మలక్‌పేట రేసుకోర్సుకి వెళ్లే రోజున పొద్దున్నే డాబా ఎక్కి ఆకాశం చూసేవాడు. అక్కడ పచ్చిక ట్రాక్. వాన పడితే ఆయన పెన్సిల్‌తో పెట్టుకున్న గుర్తులన్నీ చెరిపి మళ్లీ మొదలుపెట్టేవాడు. నేను ఆకాశం చూడను. నేను చూడాల్సినవి వేరే ఉన్నాయి, ఆ రోజు వాటిలో ఒకటి చూడలేదు.

ఇసుక గురించి కొంచెం

బ్రిటన్‌లో ఆల్ వెదర్ రేసులు 1989 అక్టోబర్ 30న లింగ్‌ఫీల్డ్‌లో మొదలయ్యాయి. మంచుకి పచ్చిక గడ్డకట్టిపోయి చలికాలం మీటింగులు వరసగా రద్దవుతుంటే దానికి విరుగుడుగా వచ్చినవి ఇవి. పేరు ఆల్ వెదరే కానీ, పొగమంచు కమ్మినా, మంచు బాగా కురిసినా ఇవీ రద్దవుతాయి. ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఇలాంటి ట్రాకులు ఆరు. లింగ్‌ఫీల్డ్, కెంప్టన్, చెమ్స్‌ఫర్డ్‌లో పాలీట్రాక్ అనే మిశ్రమం. వుల్వర్‌హాంప్టన్, న్యూకాజిల్, సౌత్‌వెల్‌లో టాపెటా. సౌత్‌వెల్‌లో 2021 దాకా ఫైబర్‌శాండ్ ఉండేది. లోతుగా ఉండి, వెనక వచ్చే గుర్రాల మొహాన ఇసుక బాగా కొట్టేది. అప్పటి సౌత్‌వెల్ ఫామ్ చూసి ఇవాళ సౌత్‌వెల్ రేసుకి టిప్ చెప్పేవాళ్లు ఇంకా కనిపిస్తారు. పాత ఇంటి తాళంచెవితో కొత్త ఇంటి తలుపు తీయబోవడమే అది.

టాపెటా అంటే ఇసుక, ఫైబర్, రబ్బరు కలిపి మైనం పట్టించిన మిశ్రమం. దీన్ని తయారుచేసిన మైకేల్ డికిన్సన్ అంతకుముందు ట్రైనర్. 1983 చెల్టెన్‌హామ్ గోల్డ్ కప్‌లో మొదటి ఐదు స్థానాలూ ఆయన గుర్రాలవే. న్యూకాజిల్‌లో టాపెటా 2016లో వేశారు. 1833లో మొదలైన నార్తంబర్లండ్ ప్లేట్ కూడా అప్పటి నుంచి దీని మీదే నడుస్తోంది. ఇక్కడి ప్రత్యేకత ఏమిటంటే ఐదు ఫర్లాంగుల నుంచి మైలు దాకా రేసులన్నీ తిన్నటి దారిలోనే. మలుపు లేదు. చివర ఎత్తు ఎక్కాలి. వుల్వర్‌హాంప్టన్‌లో లోపలి స్టాల్ దొరికి ముందుకెళ్లిన గుర్రం మలుపులో ఊపిరి పీల్చుకుంటుంది, బయట తిరిగేవాడు దూరం ఎక్కువ పరిగెత్తాలి. న్యూకాజిల్ మైలులో ఆ సౌకర్యం లేదు. ముందున్న రెండు మూడు గుర్రాలు పోటీపడి పరిగెడితే ఎత్తు మీదకొచ్చేసరికి కాళ్లు బరువెక్కుతాయి, వెనక ఆగినవి అప్పుడు కదులుతాయి. అందుకే ఈ కోర్సులో ఫామ్ కంటే ముందు నేను అడిగే ప్రశ్న ఒకటే: ముందు ఎవరు పరిగెడతారు, ఎంతమంది?

ఆ రేసు

జనవరిలో ఒక గురువారం సాయంత్రం. క్లాస్ 6 హ్యాండికాప్ (రేటింగుని బట్టి గుర్రాల మీద బరువు పెట్టే రేసు), 0-60, మైలు, 14 గుర్రాలు. గుర్రాల పేర్లు ఇక్కడ అనవసరం, స్టాల్ నంబర్లతో చెబుతాను.

0-60 అంటే అధికారిక రేటింగ్ 60 లోపు ఉన్నవాటి రేసు. ఒక రేటింగ్ పాయింటుకి ఒక పౌండు బరువు తేడా. ఈ స్థాయిలో గుర్రాలు ఎప్పుడో ఒకసారి గెలుస్తాయి, గెలిస్తే రేటింగ్ పెరుగుతుంది, ఓడుతూ ఓడుతూ మళ్లీ కిందికి జారుతాయి. మంచి గుర్రం ఏదని వెతికితే ఇక్కడ ఏదీ దొరకదు. ఏ గుర్రం తనకు నప్పే రేటింగుకి దిగి, తనకు నప్పే పరిస్థితిలో పడిందో వెతకాలి.

ఫ్లాట్ రేసులకి ఇక్కడ రెండు రోజుల ముందు ఉదయం పదింటికి డిక్లరేషన్లు (ఏ గుర్రాలు దిగుతాయో ఖరారు చేయడం) ముగుస్తాయి. మంగళవారం మధ్యాహ్నానికి స్టాల్స్ డ్రా కూడా వచ్చింది. బుధవారం షిఫ్టు అయ్యాక నాలుగు గంటలు కూర్చున్నాను. ఒక్కో గుర్రానివి చివరి ఆరు పరుగులు రీప్లేలో చూశాను. ఫలితం చూడటానికి కాదు, మొదటి రెండు ఫర్లాంగుల్లో ఎక్కడుందో చూడటానికి. ముందుండి పరిగెత్తేవి మూడు తేలాయి: 2, 6, 11. వీటిలో 6కి ఇంకో దారి తెలియదు. స్టాల్ తెరిస్తే బాణమే, ఎవరైనా పక్కకొస్తే ఇంకా రెచ్చిపోతుంది. 2 కొంచెం బుద్ధిమంతురాలు. 11 కుదిరితే ముందుంటుంది, కుదరకపోతే సర్దుకుంటుంది.

నా కన్ను 9 మీద పడింది. ఐదేళ్ల గెల్డింగ్ (విత్తులు తీసిన మగ గుర్రం). కిందటి ఫిబ్రవరిలో ఇదే కోర్సులో, ఇదే దూరంలో 58 రేటింగు మీద గెలిచింది. ఇప్పుడు 55. ఈ మధ్య మూడు పరుగులూ ఏడు ఫర్లాంగుల్లో. వుల్వర్‌హాంప్టన్‌లో బయటి స్టాల్ పడి ఏడో స్థానం, సౌత్‌వెల్‌లో ఐదు, న్యూకాజిల్‌లో దారి దొరక్క నాలుగు. పైన అప్రెంటిస్ జాకీ, ఐదు పౌండ్ల క్లెయిమ్. క్లెయిమ్ అంటే కొత్త జాకీకి బరువులో ఇచ్చే తగ్గింపు: 20 గెలుపుల దాకా 7, 50 దాకా 5, 95 దాకా 3. మైలులో ఒక లెంగ్త్‌కి సుమారు రెండు పౌండ్లు వేసుకుంటే ఐదు పౌండ్లు చిన్న సాయం కాదు. కానీ ఈ స్థాయిలో కుర్రాడి తొందర ఆ ఐదు పౌండ్లనీ తినేయగలదు కూడా.

గ్రూపులో పెట్టిన ప్రివ్యూ దాదాపు యథాతథంగా ఇది:

"ముందు మూడు గుర్రాలు కొట్టుకుంటాయి. 6 ఊరుకోదు. చివరి రెండు ఫర్లాంగులు ఎత్తు మీద ముందువి ఆగిపోతాయి. 9 వెనక ఆగి రావడానికి ఇదే సరైన రేసు. నా అంచనా పదింట ఒకటి, అంటే 9/1 న్యాయమైన రేటు. ఇప్పుడు 12/1 ఉంది. ఈచ్ వే. 10/1 కంటే తగ్గితే వదిలేయండి."

ఈచ్ వే అంటే సగం డబ్బు గెలుపు మీద, సగం ప్లేసు మీద, అంటే ఇక్కడ మొదటి మూడు స్థానాల్లో ఒకటి వస్తుందని. ప్రివ్యూలో ఆ చివరి వాక్యం లేకుండా నేను టిప్ పెట్టను. రేటు చెప్పని టిప్పు ధర చెప్పని కూరగాయల బేరం లాంటిది. బజారులో 12/1 అంటే దాని అర్థం పదమూడింట ఒకసారి, 7.7 శాతం. నా లెక్క 10 శాతం. ఆ తేడా ఉన్నప్పుడే పందెం. ఆ తేడా కూడా పదిసార్లలో తొమ్మిదిసార్లు ఓడే పందెమే. ఈ ముక్క గ్రూపులో ఎన్నిసార్లు చెప్పినా ఎవరి చెవికీ ఎక్కదు.

గురువారం ఉదయం

నాది ఆరింటి షిఫ్టు. ఫోన్ లాకర్లో. తొమ్మిదిన్నర ప్రాంతంలో 6ని రేసు నుంచి తప్పించారు. రెండింటికి బయటికొచ్చి ఫోన్ చూస్తే యాప్‌లో నోటీసు: నాన్ రన్నర్, రూల్ ఫోర్, పౌండుకి 10 పెన్నీల కోత.

రూల్ ఫోర్ తెలియనివాళ్లకి: మనం పందెం కాసిన తర్వాత ఒక గుర్రం తప్పుకుంటే, మిగిలినవాటికి గెలుపు తేలికవుతుంది కాబట్టి, మన గెలుపు డబ్బులోంచి కొంత కోస్తారు. తప్పుకున్న గుర్రం రేటుని బట్టి ఆ కోత ఉంటుంది. 6 రేటు 8/1. ఆ రేటుకి కోత పది పెన్నీలు. 14/1 దాటిన గుర్రం తప్పుకుంటే కోతే ఉండదు.

నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. ఆ నోటీసు చూసి "సరే, 12 కాస్తా 10.8 అయింది, ఇంకా పదికి పైనే ఉంది" అనుకుని పడుకున్నాను. ఈచ్ వే లెక్క కూడా చూసుకున్నాను. 13 గుర్రాలు మిగిలాయి, మూడు ప్లేసులు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఎనిమిది నుంచి ఏడుకి పడిపోయుంటే మూడో ప్లేసు పోయేది, ఆ భయం లేదు. ఇలా డబ్బు లెక్కంతా చూశాను. నా ప్రివ్యూలో "6 ఊరుకోదు" అని రాసిన వాక్యం గుర్తు రాలేదు. ఆ వాక్యమే నా టిప్పుకి పునాది. పునాది రాయి లాగేసినా ఇల్లు నిలబడుతుందో లేదో చూడకుండా గుమ్మానికి ఎంత రంగు రాలిందో చూశాను.

అప్పుడైనా గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టాల్సింది. పెట్టలేదు.

పరుగు

ఏడింటికి ఫ్లడ్‌లైట్ల కింద స్టాల్స్ తెరుచుకున్నాయి. 11 ఆలస్యంగా బయటికొచ్చి వెనకబడింది. 6 లేదు. దాంతో 2 ఒంటరిగా ముందుంది. పైనున్న జాకీ అనుభవస్తుడు, పోటీకి ఎవరూ రాకపోవడం చూసి నిమ్మళంగా నడిపించాడు. కళ్లెం బిగబట్టి కూర్చున్న జాకీలు, తల ఎగరేస్తున్న గుర్రాలు. వేగం లేని రేసు ఎలా ఉంటుందో ఎవరికైనా చూపించాలంటే ఆ మొదటి నాలుగు ఫర్లాంగులు చూపిస్తే చాలు.

నా లెక్క ప్రకారం 9 వెనక పదో స్థానంలో ఉండాలి. లేదు. ఆ కుర్రాడు మూడో ఫర్లాంగులోనే దాన్ని మెల్లగా ముందుకి జరిపి నాలుగో స్థానంలో పెట్టాడు. ఎవరు చెప్పారో, తనకే తోచిందో తెలియదు. నేను చూడనిది వాడు గుర్రం మీద కూర్చుని చూశాడు. రెండు ఫర్లాంగులు ఉందనగా 2 వేగం పెంచింది. దగ్గర్లో ఉన్నవి నాలుగే గుర్రాలు. 9 వెంటే కదిలింది, ఎత్తు మీద చివరి వంద గజాల్లో దాటింది. అర లెంగ్త్. మూడోది ఇంకో ఒకటిన్నర లెంగ్త్ వెనక. నేను కూలిపోతుందని రాసిన ఫ్రంట్ రన్నరే రెండోది.

ఒక పౌండు ఈచ్ వే కాసినవాడికి, అంటే మొత్తం రెండు పౌండ్లకి, కోత పోగా లాభం 13.50. విన్ భాగం 12లో పది శాతం పోయి 10.80, ప్లేస్ భాగం నాలుగో వంతు చొప్పున 3లో పోయి 2.70.

మర్నాడు

శుక్రవారం సెలవు. గెలిచిన గుర్రం టైము నిమిషం 43 సెకన్లు, అంటే 103 సెకన్లు. మైలుకి ఎనిమిది ఫర్లాంగులు, కాబట్టి సగటున రెండు ఫర్లాంగులకి 25.75. చివరి రెండు ఫర్లాంగులు మాత్రం 24.4లో పరిగెత్తింది. 25.75ని 24.4తో భాగిస్తే 1.055. రేసు మొత్తం సగటు వేగం కంటే చివరి ముక్క ఐదున్నర శాతం వేగంగా నడిచింది, అదీ ఎత్తు మీద. ముందువి అలిసిపోయిన రేసులో ఈ అంకె ఒకటి లోపు ఉంటుంది. ఇది నడిచి నడిచి చివర పరుగు తీసిన రేసు. ఇలాంటి రేసులో మొత్తం టైము చూసి గుర్రం గొప్పదనం గురించి ఏమీ చెప్పలేం.

కాబట్టి నేను రాసింది ఒకటి, జరిగింది దానికి సరిగ్గా తలకిందులు. నిజంగా వెనక ఆగిన గుర్రాలకి ఆ రోజు అవకాశమే లేదు. ఏడు ఫర్లాంగుల్లో పరిగెత్తి వచ్చిన కాళ్లలోని చురుకు, కుర్రాడి తెలివి కలిసి 9ని గెలిపించాయి. చురుకు సంగతి నేను ప్రివ్యూలో లోపంగా లెక్కేసుకున్నాను, దూరం పెరిగితే తట్టుకుంటుందా అని.

తర్వాత రేటు సంగతి. "12 దగ్గర చెప్పాను, 8కి వచ్చింది, బజారు నా మాట ఒప్పుకుంది" అని గురువారం రాత్రి గ్రూపులో గొప్పగా రాశాను. టిప్పర్లందరికీ ఇష్టమైన డప్పు ఇది. స్టార్టింగ్ ప్రైస్ (రేసు మొదలయ్యే వేళకి ఉన్న రేటు) కంటే మంచి రేటు దొరకడం దీర్ఘకాలంలో మంచి కొలతే, నేనూ నమ్ముతాను. కానీ 8/1 గుర్రం ఒకటి బజారులోంచి పోయింది కదా. దాని వంతు 11 శాతం మిగిలినవాటికి పంచాలి. 7.7ని 0.89తో భాగిస్తే 8.65 శాతం, అంటే సుమారు పదిన్నరకి ఒకటి. ఎవరూ ఒక్క పౌండు కాయకపోయినా 9 రేటు అక్కడికి వచ్చేది. నిజమైన కదలిక పదిన్నర నుంచి ఎనిమిదికి, నేను చెప్పుకున్నట్టు పన్నెండు నుంచి కాదు. మిగిలినదైనా నాకు దక్కిన గౌరవమే అనుకుందామా? మధ్యాహ్నం రెండింటికి కూర్చుని 6 లేకుండా లెక్క మళ్లీ వేసుంటే 9కి ఏడు, మహా అయితే ఎనిమిది శాతం ఇచ్చేవాణ్ణి. ఏడు శాతమంటే న్యాయమైన రేటు 13/1 పైమాట. ఆ లెక్కన 10.8 కూడా చెడ్డ పందెమే.

ఇదంతా గ్రూపులో రాశాను. కరీంనగర్ తమ్ముడు ఒకడు వెంటనే జవాబిచ్చాడు: "అన్నా, గెలిచింది గదా, ఇంక ఏం గావాలె? నువ్వు గెలిచినా ఏడుస్తవ్." నలభై మందిలో ముప్ఫై మంది దానికి నవ్వే బొమ్మలు పెట్టారు. నాకూ నవ్వొచ్చింది.

ఈ రేసులోంచి నాకు నిజంగా దొరికింది ఇంకొకటి. 13 అనే గుర్రం ఐదో స్థానంలో వచ్చింది, కానీ దాని చివరి రెండు ఫర్లాంగులు 23.9. అందరికంటే వేగం. అంత మందకొడి రేసులో పన్నెండో స్థానం నుంచి మొదలుపెట్టి ఐదుకి వచ్చిందంటే ఆ గుర్రం ఓడినా తప్పు దానిది కాదు. నోట్‌బుక్‌లో పెట్టుకున్నాను. మూడు వారాల తర్వాత సౌత్‌వెల్‌లో 14/1 దగ్గర చెప్పాను, మూడో స్థానం వచ్చింది. ప్లేస్ డబ్బు చేతికొచ్చింది కానీ "గెలవలేదు కదా" అని ఎవరూ పట్టించుకోలేదు. నా షీట్‌లో ఆ చలికాలం మొత్తం మీద నాకు నచ్చిన టిప్పు అదే.

రెండో పరీక్ష

12 రోజుల తర్వాత మన 9 వుల్వర్‌హాంప్టన్‌లో దిగింది. మైలు కంటే కొంచెం ఎక్కువ దూరం. హ్యాండికాపర్ (రేటింగులు ఇచ్చే అధికారి) 55ని 59 చేశాడు. అదే కుర్రాడు, లోపలి స్టాల్. రేటు 9/4, ఫేవరెట్. గ్రూపులో అందరికీ ఉత్సాహం, మన గుర్రం అంటే మన గుర్రమే. నేను "వద్దు" అని రాశాను. మందకొడి రేసులో గెలిచిన గెలుపుకి నాలుగు పౌండ్లు ఎక్కువ, 9/4 అంటే 31 శాతం, నా లెక్క 22కి మించదు అని.

రెండో స్థానం. మెడ తేడా. ఒకాయన "థాంక్స్ బ్రదర్, ఆగాను" అన్నాడు. ఇంకొకాయన "చూశావా, కొంచెంలో పోయింది, ప్లేస్ అయినా కాసేవాళ్లం" అన్నాడు. గెల్చుంటే నా మాట తప్పని, ఆరో స్థానంలో వస్తే నేను మహానుభావుణ్ణని అనేవాళ్లు. ఒక్క రేసు ఫలితంతో 22 శాతం సరైనదా కాదా అనేది తేలదు. అయితే ఆ పరుగు చూశాక ఆ కుర్రాడి మీద నా అభిప్రాయం మాత్రం మారింది. లోపలి స్టాల్ నుంచి మూడో స్థానం పట్టి, తొందరపడకుండా కూర్చున్నాడు. ఐదు పౌండ్ల క్లెయిమ్ అయిపోయేలోపు వాడి పేరు కనిపిస్తే రెండుసార్లు చూడాలని రాసుకున్నాను.

ఇప్పుడు ఏం మార్చాను

ప్రివ్యూ ముందురోజు రాత్రే రాస్తాను, అది మారలేదు, మంచి రేట్లు అప్పుడే ఉంటాయి. కానీ ప్రతి ప్రివ్యూ కింద ఒక లైను తప్పనిసరి చేశాను: ఏ గుర్రం తప్పుకుంటే నా మాట చెల్లదో, దాని స్టాల్ నంబరు. పొద్దున షిఫ్టులో ఉంటే గ్రూపులో ఒకరికి ఆ కాపలా అప్పగిస్తాను. అప్పటికే కాసినవాళ్ల డబ్బు వెనక్కి రాదు, అది నిజమే. కాయనివాళ్లయినా ఆగుతారు.

కాపలా ఎవరికి ఇచ్చానో ఊహించే ఉంటారు. నన్ను గెలిచినా ఏడుస్తానన్న కరీంనగర్ తమ్ముడికే. మొదటివారమే పొద్దున తొమ్మిదింటికి వాడి మెసేజ్: "అన్నా, కెంప్టన్ ఏడు ఫర్లాంగులు. 3 పోయింది. నువ్ రాసిన లైను ప్రకారం టిప్ క్యాన్సిల్ అని అందరికీ చెప్పిన." లాకర్ దగ్గర బ్రేక్‌లో చదివాను. ఆ గుర్రం ఆ సాయంత్రం గెలిచింది, 7/1. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.